నీళ్లను బట్టే దారి: సౌతాంప్టన్ నుంచి సిడ్నీకి మా సీప్లేన్ టూర్ డైరీ

ఏర్పాట్లు

1938లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి ఉత్తరాలూ మనుషులూ ఎగిరే పడవల్లో, అంటే నీళ్ల మీదే లేచి నీళ్ల మీదే దిగే విమానాల్లో, వెళ్లేవారు. సౌతాంప్టన్ నుంచి సింగపూర్ దాకా ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సిబ్బంది నడిపితే, అక్కణ్ణుంచి సిడ్నీ దాకా క్వాంటాస్ సిబ్బంది అందుకునేవారు. మొత్తం తొమ్మిది పది రోజుల ప్రయాణం. ఆ దారినే కంప్యూటర్ మీద విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మజిలీ మజిలీగా ఎగరాలని మా ప్రాజెక్టు. పోటీ కాదు. మార్కుల్లేవు, ముందు చేరినవాడికి పడే దండలూ లేవు. రూల్సు రెండే. విమానం నీళ్ల మీద లేచి నీళ్ల మీదే దిగాలి. అందరిలోకీ నెమ్మదైన విమానం వేగమే గుంపు వేగం.

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది కదా, మా గ్రూపులో ఈ పిచ్చికి బీజం పడింది అప్పుడే. వీడియోలు చూసినన్నాళ్లు చూశాం. తర్వాత కాకినాడ బాబాయి తేల్చేశాడు: "చూసింది చాల్లే, మనమూ ఎగురుదాం."

గుంపులో ఎవరెవరంటే, హైదరాబాద్‌లో నేను. కాకినాడలో బాబాయి, పోర్టులో రిటైరయ్యాడు, పాత కంప్యూటర్ మీద ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఫ్లైట్‌గేర్ నడుపుతాడు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు, దుబాయ్‌లో కోనసీమ అన్న, సిడ్నీలో వదిన. వదిన దగ్గర ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్ ఉంది, విమానాన్ని కాళ్లతో తిప్పే రడ్డర్ పెడల్స్ ఉన్నాయి, మా అందరినీ కలిపినా రానంత ఓపికా ఉంది. మిగతావాళ్లం మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్. ఎవరి సిమ్ ఏదైనా ఒకరికొకరు కనబడేలా వ్యాట్‌సిమ్ నెట్‌వర్కులో కలుస్తాం. విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ లేనప్పుడు మాటలన్నీ 122.8 అనే రేడియో ఫ్రీక్వెన్సీ మీదే.

ఆదివారం పొద్దున మన టైము ఏడింటికి మొదలు. అప్పటికి సిడ్నీలో పదకొండున్నర, దుబాయ్‌లో తెల్లవారుజామున ఐదున్నర. దుబాయ్ అన్న మొదటి రెండు వారాలూ సణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

విమానాల విషయంలో అసలైనది షార్ట్ ఎస్.23 ఎంపైర్ పడవ. నాలుగు పెగాసస్ ఇంజన్లు, 114 అడుగుల రెక్కలు, గంటకు 165 మైళ్లు, ఒకసారి ట్యాంకు నింపితే దాదాపు 760 మైళ్లు. నమూనా అయినా ఎగరకముందే ఇంపీరియల్ 28 పడవలకు ఆర్డరిచ్చేసింది. సామ్రాజ్యంలో ఎక్కడికైనా అర ఔన్సు ఉత్తరం ఒకటిన్నర పెన్నీకే విమానంలో పంపిస్తామని బ్రిటన్ ప్రకటించాక ఆ బరువు మొయ్యడానికి పెద్ద విమానాలు కావాల్సొచ్చాయి. పెద్ద విమానాలు దిగే గట్టి రన్‌వేలు దారి పొడవునా లేవు. నీళ్లు మాత్రం ఉన్నాయి. ఆ పడవల్లో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు.

మాలో ముగ్గురం గ్రమ్మన్ గూస్ అనే చిన్న ఎగిరే పడవని ఎంచుకున్నాం. అది మొదట ఎగిరింది 1937లో, కాబట్టి ఆ కాలానికి అతుకుతుంది. వదిన కూడా గూసే, కాకపోతే వేరే సిమ్‌లో. బాబాయి మాత్రం కింద తేలే పడవలు తగిలించిన చిన్న విమానం బీవర్ తప్ప ఇంకోటి ముట్టనన్నాడు. గూస్‌కి ఉన్న 450 గుర్రాల ఇంజన్లు రెండు. అచ్చంగా అదే ఇంజను బీవర్‌కి ఒకటి. బీవర్ రేంజి, అంటే ఒకసారి ట్యాంకు నింపితే పోయే దూరం, సుమారు 730 కిలోమీటర్లు. ఈ 730 అనే అంకె తర్వాత మా టూర్‌ని ఎలా ఆడించిందో ముందు ముందు రాస్తాను.

కృష్ణ మీద రిహార్సల్

సౌతాంప్టన్ వెళ్లేముందు ఇంటి నీళ్ల మీద చెయ్యి తిప్పుకోవాలనుకున్నాం. ప్రకాశం బ్యారేజీ నుంచి పులిచింతల, నాగార్జునసాగర్ మీదుగా శ్రీశైలం. వానాకాలంలో పేపర్లో రోజూ చూసే అంకెలే ఇక్కడ మాకు రన్‌వే ఎత్తులు: 57 అడుగులు, 175, 590, 885. సిమ్‌లో నీటిమట్టం ఎప్పుడూ ఒకటే, ఎండాకాలం అడుగంటడాలూ గేట్లెత్తడాలూ ఉండవు. ఎత్తు చూపే ఆల్టిమీటరు ఆ అంకెకి అచ్చంగా కలవదు గానీ దరిదాపుల్లోనే ఉంటుంది.

నీళ్ల మీద విమానానికి బ్రేకులుండవన్న సంగతి చదివితే ఒకలా ఉంటుంది, బ్యారేజీ గేట్లకేసి కొట్టుకుపోతుంటే ఇంకోలా ఉంటుంది. ఇంజను స్టార్టయిన క్షణం నుంచీ బండి కదులుతూనే ఉంటుంది. వదిలేస్తే ముక్కు దానంతటదే గాలికి ఎదురు తిరుగుతుంది. బీవర్ తేలియాడే పడవల వెనక నీటి చుక్కాని ఉంటుంది, గూస్‌కి అదీ లేదు. కుడి ఇంజనూ ఎడమ ఇంజనూ ఎక్కువ తక్కువలు చేసుకుంటూ తిప్పాలి.

లేచేటప్పుడు మొదట స్టిక్, అంటే విమానం ముక్కుని ఎత్తే దించే కర్ర, పూర్తిగా వెనక్కి. ముక్కు లేచి, నీళ్లు అద్దానికి కొట్టి, ఇక కదలదేమో అనిపించే ఒక దశ వస్తుంది. అది దాటాక అడుగుభాగం నీటి మీద జారడం మొదలవుతుంది, అప్పుడు స్టిక్ మెల్లగా మధ్యకి తేవాలి. ఎక్కువ ముందుకి తోశారా, ముక్కు కిందికీ పైకీ ఊగడం మొదలై ఒక్కో ఊపు ముందుదానికంటే పెద్దదవుతుంది. సాగర్‌లో తమ్ముడికి అదే జరిగింది.

"అన్నా, ఇది ఎగుర్తలేదే, దుంకుతున్నది!"

"పవర్ తీసెయ్ నాన్నా. ముక్కుతో కుస్తీ పట్టకు, మళ్లీ మొదట్నుంచి పరిగెత్తిద్దాం," అంది వదిన. నాగార్జునకొండ చుట్టూ ఒక చక్కరు కొట్టి మళ్లీ లేపాడు. శ్రీశైలం దాకా నల్లమల లోయలో నది వంపుల వెంట వెళ్లాం. సిమ్‌లో నేను చూసిన అందమైన మజిలీల్లో దీన్ని ముందు వరసలో పెడతాను, మనూరి పక్షపాతం ఉందంటే ఉండనీండి.

ఆ రోజే "నీళ్ల చీటీ" పుట్టింది. ప్రతి మజిలీకి ముందు ఎవరో ఒకరు ఆ నీళ్ల గురించి ఒక పేజీ రాయాలి: పొడవెంత, ఎత్తెంత, వంతెనలూ తీగలూ ఎక్కడున్నాయి, గాలి ఏ దిక్కు నుంచి వస్తే ఏ ఒడ్డు చాటునిస్తుంది, అది కుదరకపోతే దగ్గర్లో ఇంకే నీళ్లున్నాయి. విమానాశ్రయాలకి చార్టులుంటాయి. చెరువులకి మనమే గీసుకోవాలి.

సౌతాంప్టన్ – బ్రాచానో

సౌతాంప్టన్ నీళ్లలో ఓడల రద్దీ. ముఖద్వారం దగ్గర కాల్షాట్ పక్క నుంచి లేచాం. 1929లోనూ 1931లోనూ ష్నైడర్ ట్రోఫీ సీప్లేన్ పందేలు జరిగింది అక్కడే. ఫ్రాన్స్ దాటేటప్పుడు బోజొలే కొండల మీద మబ్బు కిందికి దిగింది. 1937 మార్చి 24న కాప్రికార్నస్ అనే ఎంపైర్ పడవ మంచులో దారి తప్పి కూలింది ఆ కొండల్లోనే. మేం పైకి వెళ్లకుండా రోన్ నది పట్టుకుని దక్షిణానికి పోయాం. నది కిందుంటే ఎక్కడైనా దిగొచ్చన్న ధైర్యం ఉంటుంది.

మార్సెయ్ పక్కన బెర్ ఉప్పునీటి సరస్సు. ఆన్రీ ఫాబ్ర్ 1910 మార్చి 28న ప్రపంచంలోనే మొదటిసారి ఇంజనున్న విమానాన్ని నీటి మీద నుంచి లేపింది ఇక్కడే. కాస్త భక్తిగా దిగాం.

బ్రాచానో సరస్సు రోముకి వాయవ్యాన ఉంది. పాత అగ్నిపర్వతాలు కుంగి ఏర్పడ్డ సరస్సు, ఇంచుమించు గుండ్రం. ఇక్కడ మేం ముందు ఊహించని చిక్కొకటి బయటపడింది. సిమ్‌లో సూర్యుణ్ణి పొద్దుటి పదింటికి పెట్టుకున్నాం గానీ వాతావరణం మాత్రం నిజమైనదే, ఆ క్షణాన ఇటలీలో ఉన్నదే వస్తోంది. మనకి ఉదయమంటే అక్కడ నడిరాత్రి దాటిన వేళ. ఆ వేళప్పుడు గాలి పడిపోతుంది. గాలి లేకపోతే అల లేదు, అల లేకపోతే నీటి పైభాగం ఎక్కడుందో కంటికి అందదు. సీప్లేన్ పైలట్లు దీన్ని గ్లాసీ వాటర్ అంటారు, తుఫానుకంటే ఎక్కువ భయపడతారు. ఇంకా యాభై అడుగులుందనుకుని దించుతుంటే నీళ్లు వచ్చి తగులుతాయి, లేదా తగిలాయనుకుని గాల్లోనే ఆపేస్తాం.

వదిన చెప్పిన పద్ధతి ఇది. ఒడ్డుకి దగ్గరగా, ఒడ్డుకి సమాంతరంగా రావాలి, ఎత్తు తెలియడానికి చెట్లూ ఇళ్లూ ఆసరా. పవర్ పూర్తిగా తియ్యకుండా నిమిషానికి నూరు, నూటేభై అడుగుల చొప్పున దిగేలా పెట్టి, ముక్కు కాస్త ఎత్తి, ఇక దేన్నీ కదపకుండా కూర్చోవాలి. నీళ్లు ఎప్పుడు తగిలితే అప్పుడే. చాలా దూరం తినేస్తుంది గానీ ఎప్పుడూ పనిచేస్తుంది. ఆ తర్వాత నుంచి చీటీలో "ఆ గంటకి అసలైన గాలి ఎంత" అని ఒక గడి పెంచాం.

ఏథెన్స్ – అలెగ్జాండ్రియా

బ్రిందిసీ మీద రాయడానికేం లేదు, దిగాం, లేచాం. ఏథెన్స్ నుంచి అలెగ్జాండ్రియాకి నేరుగా పోతే బీవర్‌కి చాలదు. పాతకాలంలో ఇంపీరియల్ వాళ్లు క్రీటులో మిరబెల్లో అఖాతంలో ఇంపీరియా అనే ఓడని నిలిపి ఉంచేవారు. పెట్రోలు, రేడియో, భోజనం అన్నీ అందులోనే. మేమూ అక్కడే ఆగాం.

అక్కణ్ణుంచి అలెగ్జాండ్రియా సుమారు 600 కిలోమీటర్లు, అంతా సముద్రమే. 1935 డిసెంబరు 31న సిటీ ఆఫ్ ఖార్టూమ్ అనే పాత పడవ సరిగ్గా ఈ దారిలోనే వచ్చి, అలెగ్జాండ్రియా దీపాలు కనబడే దూరంలో ఇంధనం అయిపోయి సముద్రంలో పడింది. పైలట్ ఒక్కడే బతికాడు, పన్నెండు మంది పోయారు. ఆ కథ చీటీలో రాసింది బాబాయే. ఆ మజిలీలో పావుగంటకోసారి ట్యాంకు అంకె చదివి అందరికీ వినిపించాడు. ఎవ్వరూ విసుక్కోలేదు.

తిబేరియస్

ఇజ్రాయెల్‌లో తిబేరియస్ ఊరు ఒడ్డునున్న గలిలీ సరస్సు. ఈ టూర్‌లో నాకు ఎక్కువ నచ్చిన మజిలీ. సముద్రమట్టానికి 210 మీటర్లు కిందుంది, అంటే సుమారు 690 అడుగులు. ఆల్టిమీటరు సున్నాకి వచ్చాక ఇంకా అంత కిందికి దిగాలి.

చెప్పుకోవడానికి సులువే. కానీ పాత ముళ్ల ఆల్టిమీటరు సున్నా దాటి కిందికి పోయినప్పుడు వందల ముల్లు వెనక్కి తిరుగుతుంది. మైనస్ 690 దగ్గర అది 3 మీదుంటుంది. కొండ దాటి సరస్సు మీదికి దిగుతూ తమ్ముడు "ఇంకా మున్నూరు ఫీట్లున్నది అన్నా" అంటున్నాడు. అప్పటికి వాడి విమానం నీటికి తాటిచెట్టంత ఎత్తులో లేదు. వేల ముల్లు చూడమని దుబాయ్ అన్న అరిచాడు. వాడు పవర్ పెట్టి పైకి లేచి, ఇంకో చుట్టు వచ్చి చక్కగా దించాడు. మజా ఏంటంటే, వాడు మొదటిసారి చూసిన అంకె తప్పేం కాదు, అది ఏ వెయ్యికి చెందిందన్నదే తేడా.

హబ్బానియా, గల్ఫ్

తిబేరియస్ నుంచి ఇరాక్‌లోని హబ్బానియా సరస్సుకి దాదాపు 740 కిలోమీటర్లు. కింద ఎడారి. బీవర్ రేంజి 730. పది కిలోమీటర్ల తేడాతో బాబాయి ఇసుకలో పడాలన్నమాట, అదీ తేలే పడవల మీద.

వెతగ్గా వెతగ్గా హదీసా డ్యాం దొరికింది. యూఫ్రటీస్ మీద 1980లలో కట్టారు, కాబట్టి 1938 వాళ్లకి ఆ నీళ్లు లేవు. మాకున్నాయి. కాస్త ఉత్తరంగా జరిగితే తిబేరియస్ నుంచి సుమారు 640 కిలోమీటర్లు. బాబాయి కోసం గుంపంతా అటే పోయాం. ఎంపైర్ పడవలకి ఆ అవసరం రాలేదు గానీ హబ్బానియా వాళ్లనీ వదల్లేదు. 1938 నవంబరు 27న ఇసుక తుఫానులో, చీకట్లో కల్పూర్నియా అనే ఎంపైర్ పడవ ఈ సరస్సులోనే కూలింది. మేం వెళ్లిన రోజు గాలి నిమ్మళంగానే ఉంది.

బాస్రా, బహ్రెయిన్ గబగబా దాటేశాం. దుబాయ్ చీటీ మాత్రం అన్న స్వయంగా రాశాడు. అబ్రా పడవలో క్రీక్ (ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాటి పనికిపోయే మనిషి, ఆ నీళ్లు ఆయనకి తెలిసినట్టు మాకెవరికీ తెలీదు. 1937లో ఇంపీరియల్ దుబాయ్ షేక్ సయీద్‌తో ఒప్పందం చేసుకుని క్రీక్‌లో దిగేది, ప్రయాణికులు రాత్రికి షార్జాలోని విడిదికి వెళ్లేవారు. అప్పట్లో అక్కడ చెల్లింది మన రూపాయే. ఇప్పుడు క్రీక్ మీద వంతెనలు, పక్కనే ప్రపంచంలోని రద్దీ విమానాశ్రయాల్లో ఒకటి. ఆ రోజు వ్యాట్‌సిమ్‌లో దుబాయ్ కంట్రోలర్ ఉన్నాడు. ఏ రన్‌వే కావాలని అడిగాడు. "రన్‌వే వద్దండి, కాలవ చాలు" అని అన్న ఇంగ్లీషులో ఎంత మర్యాదగా చెప్పాడో! ఒక్క క్షణం ఆగి, వంతెనలకి లోపలి వైపు వెడల్పు నీళ్లలో దిగడానికి అనుమతిచ్చాడు. వరసగా వచ్చిన పెద్ద జెట్ల కింద నుంచి మా గూస్‌లూ, చివరగా బీవరూ.

కరాచీ – రాజ్‌సమంద్ – అలహాబాద్

కరాచీ దాకా తీరం పట్టుకుని వచ్చే దారి, సమస్య లేదు. కరాచీ నుంచి కలకత్తాకి దారి ఎలా గీశారో చూస్తేనే ఈ టూర్ అంతా అర్థమైనట్టు. గీత గీస్తే మధ్యలో సముద్రం లేదు. అందుకని రాజ్‌సమంద్ చెరువు, గ్వాలియర్ జలాశయం, అలహాబాద్‌లో యమున, ఆపైన హుగ్లీ. నాలుగు గెంతులు.

రాజ్‌సమంద్ ఉదయపూర్‌కి ఉత్తరాన ఉంది. 17వ శతాబ్దంలో మహారాణా రాజ్‌సింగ్ కరువు పనుల కింద గోమతి నదికి కట్ట వేయించి కట్టించాడు. పాలరాతి కట్ట మీద రాజప్రశస్తి అనే సంస్కృత కావ్యాన్ని 25 పెద్ద పలకల మీద చెక్కించాడు. ఆ కావ్యం రాసిన రణఛోడ్ భట్టు తైలంగ బ్రాహ్మణ కుటుంబంవాడు, ఎప్పుడో తెలుగు నేల నుంచి ఉత్తరాదికి వలసపోయిన శాఖ. ఈ ముక్క చీటీలో చదవగానే బాబాయి "చూశారా, మనవాడు ముందే వచ్చి కూర్చున్నాడు" అని సంబరపడ్డాడు. కూటికోసం జనం మోసిన మట్టికట్ట వెనకాల నిలిచిన నీళ్లు, దాదాపు 270 ఏళ్ల తర్వాత ఇంగ్లండు ఉత్తరాలకి మజిలీ అయ్యాయి.

దిగడం తేలికే. లేవడమే పరీక్ష. చెరువు పొడవు నాలుగు మైళ్లు, చుట్టూ ఆరావళి గుట్టలు, ఎత్తు సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనే. దానికి తోడు ఆ వారం రాజస్థాన్ ఎండ నిజమైన వాతావరణంగా సిమ్‌లోకి వచ్చేసింది. వేడిగాలి పలచన, ఇంజనుకి ఊపిరాడదు, రెక్కకి పట్టు దొరకదు. అలెగ్జాండ్రియాలో లేచినంత దూరంలో ఇక్కడ లేవదు. ట్యాంకులు నిండా నింపొద్దు, గ్వాలియర్ 440 కిలోమీటర్లే కదా అంది వదిన. అలాగే సగానికి పైన కాస్త నింపి, కట్ట వైపు నుంచి పొడవునా పరిగెత్తించి లేచాం. బీవర్ అందరికంటే ముందు లేచింది. బరువు తక్కువ. "నెమ్మదస్తుడని వెక్కిరించారు కదరా" అన్నాడు బాబాయి. నిజానికి ఎవరూ వెక్కిరించలేదు.

గ్వాలియర్ పేరుకి దిగాం. యమునలో వంతెనలు చూసుకుని సంగమానికి ఎగువన దిగాం.

కలకత్తా

అలహాబాద్ నుంచి కలకత్తా లెక్కేస్తే 732 కిలోమీటర్లు. బీవర్ పుస్తకంలో రేంజీ అదే. బాబాయి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, చివరికి పాట్నాలో గంగ మీద దిగుతానన్నాడు. మేమూ దిగాం.

హుగ్లీ సంగతి వేరు. ఆటుపోట్లు, పడవలు, వంతెనలు. 1938లో హౌరా దగ్గర తేలే వంతెనే ఉండేది, ఇప్పుడున్న పెద్ద వంతెన 1943లో తెరిచారు. బాలీ దగ్గర 1930ల నాటి పాత వంతెన, పక్కన కొత్తది. రెండింటికీ హౌరాకీ మధ్య సాగిన నీళ్లు మా చీటీలో ఎంచుకున్నాం. 1939 జూన్ 12న సెంచూరియన్ అనే ఎంపైర్ పడవ ఈ నదిలో దిగుతుంటే ఉన్నట్టుండి వచ్చిన ఈదురుగాలికి బోల్తాపడింది. వానలకి ముందు బెంగాల్లో సాయంత్రాలు వచ్చే గాలివానలు ఎలాంటివో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. మేం పొద్దున్నే వెళ్లాం కాబట్టి తప్పించుకున్నాం. అయినా పక్కగాలి ఉంది, నది వంపు తిరిగిన చోట గాలికి ఎదురుగా పొడవు చాలలేదు. ముగ్గురం రెండోసారి చుట్టి వచ్చాం.

ఇక్కడ బాబాయి ఒక కోరిక కోరాడు. 1942 ఏప్రిల్ 4న సిలోన్ కొగ్గల సరస్సు నుంచి లేచిన కెనడా వాయుసేన కాటలీనా పడవ, లెనార్డ్ బర్చల్ నడిపింది, జపాను నౌకాదళాన్ని సముద్రంలో ముందుగా చూసి కొలంబోకి కబురంపింది. తర్వాత దాన్ని కూల్చేశారు. మర్నాడు కొలంబో మీద బాంబులు. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా. బాబాయి వాళ్ల నాన్నగారు ఆ రోజుల్లో కాకినాడ వదిలి పల్లెకి పారిపోయిన కథ మేం చాలాసార్లు విన్నాం. "మన తీరం మీద కూడా ఒకసారి దిగాలి" అన్నాడు. ఒక శనివారం దారి వదిలి చిలికా సరస్సులో ఆగి, విశాఖ మీదుగా కాకినాడకి పోయాం. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డం ఉండటంతో ఆ అఖాతంలో అల తక్కువ. ఎగిరే పడవలకి ఇంతకంటే మంచి నీళ్లు ఈ తీరంలో లేవని బాబాయి వాదన. చీటీ ప్రకారం చూస్తే నాకూ అదే నిజమనిపించింది, లోతు తక్కువన్న ఒక్క మాట తప్ప.

సింగపూర్

అక్యాబ్, రంగూన్, బ్యాంకాక్ వానలోనే దాటాం. బ్యాంకాక్ నుంచి పెనాంగ్ ఒక్క గెంతులో బీవర్‌కి కుదరదు. కో సముయ్ పాత జాబితాలో ఉండనే ఉంది, అక్కడ ఆగాం.

సింగపూర్ కల్లాంగ్ విమానాశ్రయం 1937 జూన్ 12న తెరిచారు. గుండ్రటి పచ్చిక మైదానం ఒకవైపు, సీప్లేన్లు గట్టెక్కే ఏటవాలు ఒకవైపు. విమానాశ్రయం 1955లో మూతపడింది, టెర్మినల్ భవనం ఇంకా ఉంది. కల్లాంగ్ నీళ్లే మారిపోయాయి. 2008లో మెరీనా బ్యారేజీ కట్టాక అది ఉప్పునీటి అఖాతం కాదు, మంచినీటి జలాశయం. చుట్టూ ఎత్తైన భవనాలు, అడ్డంగా వంతెనలు. అందులోనే దిగాలని తమ్ముడికి మహా ఉబలాటం. వదిన పొడవు కొలిచి ఒద్దంది. బ్యారేజీకి బయట సముద్రంలో దిగాం, ఓడల మధ్య.

1938లో ఇక్కడ సిబ్బంది మారేవారు కాబట్టి మేమూ మార్చాం. ఇప్పటిదాకా దారి, టైము, చీటీల పంపకం నా చేతిలో ఉండేవి. ఇక్కణ్ణుంచి సిడ్నీ దాకా వదినది. బాధ్యత తీసుకున్న పది నిమిషాల్లో ఆవిడ గ్రూపులో పెట్టిన మొదటి ఆర్డర్లు ఇవి. మొదటి మజిలీ బటావియా (ఇప్పటి జకార్తా) కాదు, బంకా దీవిలోని క్లబత్ అఖాతం. తర్వాత బటావియా, సురబాయా, బీమా, కూపంగ్. అక్టోబరు మొదటి ఆదివారం సిడ్నీ గడియారం గంట ముందుకి జరుగుతుంది, అయినా మన ఏడింటికే మొదలు, ఆవిడే సర్దుకుంటుంది.

మిగిలిన చిక్కల్లా తిమోర్ సముద్రం. తిమోర్ దీవిలోని కూపంగ్ నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు తీరంలోని డార్విన్ 830 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క దీవి లేదు. బీవర్‌కి రెక్కల కొసల్లో అదనపు ట్యాంకులు పెట్టుకోవచ్చు గానీ బాబాయి సిమ్‌లోని మోడల్‌కి అవి లేవు. ఆయన్ని గూస్‌లోకి మార్చే ప్రసక్తి ఎవరూ ఎత్తలేదు. తిమోర్ దీవి వెంట తూర్పు కొస దాకా పోయి అక్కడ ఇంధనం నింపుకుంటే డార్విన్ 600 కిలోమీటర్లలోపే. ఎంపైర్ పడవలు అలా వెళ్లలేదు, మేం వెళ్తాం. తూర్పు కొసన జాకో దీవి చుట్టుపక్కల నీళ్లకి చీటీ రాసే పని బాబాయిదే. నిన్న రాత్రి పంపాడు: ఆ నెలల్లో ఆగ్నేయపు గాలి ఎక్కువ, కాబట్టి ఉత్తరపు ఒడ్డున దిగాలి, తెల్లారగానే దిగాలి, పది దాటితే అల లేస్తుంది.